ఒంటిచెవి ముడి

ఆఖరి పిల్లను వాళ్ళమ్మ చేతికి అప్పగించి, వ్యాను తిప్పుకుని మెకానిక్ షెడ్డుకు వచ్చేసరికి ఆకాశం నల్లగా కిందికి దిగి ఉంది. బడి వ్యాను నడుపుతుంది కాబట్టి ఊరందరికీ ఆమె వ్యానక్క. సొంత పేరు పిల్లలకు అక్కర్లేదు, పెద్దలకు గుర్తులేదు. షెడ్డు ఆమె భర్తది. ఆయన్ని అందరూ మేస్త్రి అంటారు.

“హారన్ చచ్చిపోయిందండీ,” అంది దిగకుండానే. “రేపు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు బళ్ళు చూస్తాడు. హారన్ లేకపోతే పిల్లల్ని ఎక్కించనివ్వడు.”

“అయితే బజార్లో కొత్తది కొనేద్దాం.”

వ్యానక్క తన చెవుల్ని తానే నమ్మలేదు. కొత్త స్క్రూ కొనాలన్నా ప్రాణం గిలగిల్లాడే మనిషి ఈయన. ఆయన చేతికింద బాగుపడిన ప్రతి బండిలోనూ సగం సామాను చచ్చిన బండిదే. స్క్రాప్ యార్డుల్లో తిరిగి పాత పార్టులు ఏరుకొస్తాడు, కిరోసిన్‌లో కడుగుతాడు, వెండి రంగు కొడతాడు, “కంపెనీ సరుకు, ఇవాళే దిగింది” అని బిగిస్తాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం కూడా రంగేసినట్టే మెరుస్తుంది.

“ఒంట్లో బాగానే ఉందా?” అంది.

“ఎగతాళి చాల్లే.”

“ఈపాటికి బజారు మూసేసుంటారు. గోడౌన్ల వెనక యార్డు తెరిచే ఉంటుంది. ఎక్కండి.”

“ఆ యార్డా? వద్దు. అక్కడ సరుకుండదు. ఆ ముసలిదానికి పిచ్చి.”

ఎప్పుడూ ఇంతే. యార్డులన్నీ జల్లెడ పట్టే మనిషి, ఆ ఒక్కదాని ఊసెత్తితే మొహం తిప్పుకుంటాడు. కానీ ఇవాళ స్టీరింగు ఆమె చేతిలో ఉంది. “ఎక్కుతారా, నన్నే పొమ్మంటారా?” అంది. స్పానర్ల సంచీ పట్టుకుని, గొణుక్కుంటూ ఎక్కాడు.

గోడౌన్ల రోడ్డంటే ఆమెకు గిట్టదు. ఆ మలుపులోనే ఆమె తమ్ముడు పోయాడు.

అమ్మ లేని ఇంట్లో వాణ్ణి పెంచింది తనే. బడికి పంపేటప్పుడు బూటు లేసు కట్టడం నేర్పిందీ తనే. తనకే సరిగ్గా రాదాయె. రెండు చెవులు రావలసిన చోట ఒకే చెవి వచ్చేది. రెండో కొసను దాని మెడకు చుట్టి బిగించేసేది. ఒంటిచెవి ముడి. బళ్ళో అందరూ నవ్వినా వాడు మార్చుకోలేదు. మీసాలొచ్చాక కూడా బూట్లకైనా, బస్తాకైనా అదే ముడి. “అక్క నేర్పింది, ఊడదు,” అనేవాడు.

వాడి కారుకు లారీ హారన్ ఉండేది. వీధి మొదట్లోనే రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. అక్కా, అన్నం పెట్టు అని దానర్థం.

ఆ రాత్రి బ్రేకు పట్టక కారు పోయి గోడౌను గోడకు కొట్టుకుంది. వాడి నుదురు స్టీరింగు మీద పడింది. హారన్ మొదలైంది. ఎంతసేపు మోగిందో ఆ వీధి వీధంతా విన్నది. ఎవడో తాగి మోగిస్తున్నాడనుకున్నారు. తిట్టుకున్నారు. కిటికీలు వేసుకున్నారు. కాసేపటికి హారన్ ఆగిపోయింది. తెల్లారి పాలవాడు చూసేసరికి వాడి ఒళ్ళింకా పూర్తిగా చల్లబడలేదు. చాలాసేపు బతికే ఉన్నాడమ్మా, ఎవరైనా తీసుకొచ్చి ఉంటేనా... అన్నాడు డాక్టరు.

తర్వాత వ్యానక్క ఆ వీధిలో ఇంటింటికీ వెళ్ళింది. తలుపు తీసిన ప్రతివాళ్ళనీ ఒకటే అడిగింది. “హారన్ ఆగిపోయినప్పుడు మీరేమనుకున్నారు?” ఒక పెద్దాయన మాత్రం నిజం చెప్పాడు. “హమ్మయ్య అనుకున్నానమ్మా. హాయిగా నిద్రపట్టింది.”

గొంతెత్తడం ఆమెకు చేతకాదు. కానీ ఆ కోపం పోలేదు, చల్లారలేదు, ఎవరి నెత్తిన దించాలో తెలియక లోపలే కూర్చుంది. ఎందుకంటే పాలవాడు ఇంకో మాట కూడా చెప్పాడు. తను చూసేసరికి కారు లైట్లు వెలుగుతూనే ఉన్నాయట. లైట్లు వెలుగుతుంటే బ్యాటరీ అయిపోయినట్టు కాదు కదా! మరి హారన్ ఎలా ఆగింది? ఎవరో వచ్చారు. వచ్చి, వాణ్ణి వదిలేసి, దాని నోరు మాత్రం నొక్కి పోయారు.

“కాలిపోయుంటుందిలే,” అని మేస్త్రి ఎన్నిసార్లన్నా ఆమె మనసు ఒప్పుకోలేదు. రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుని ఒక్కటే అడిగేది. స్వామీ, ఆ చెయ్యి ఎవరిదో చూపించు. ఇంకేమీ వద్దు.

యార్డు గేటు దగ్గర ఒక ముసలామె గోనెపట్టా మీద కూర్చుని ఉంది. చేతులు మోచేతుల దాకా ఎర్రటి తుప్పు. తుప్పు మామ్మ అంటారు. పక్కన పరీక్ష చూసుకోవడానికి ఒక బ్యాటరీ.

“హారన్ కావాలి మామ్మా.”

“లోపలికెళ్ళి విప్పుకో తల్లీ. ఇక్కడెవరి పార్టు వాళ్ళే విప్పుకోవాలి. తెచ్చి ఈ బ్యాటరీకి పెట్టి చూస్కో, మోగితేనే పట్టుకెళ్ళు. ఒకటి మాత్రం మర్చిపోకు. విప్పే ముందు డోరు మీద మూడుసార్లు తట్టి, ‘తీసుకోనా?’ అని అడుగు. ఎవరో ఒకరు కూర్చున్న బండి అది. అడక్కుండా ముట్టుకోకు.”

“అడిగితే ఏమంటాయి మామ్మా బళ్ళు?”

“ఏమీ అనవు. అంటే మాత్రం తీసుకోకు.” నవ్వింది. నోట్లో పళ్ళు లేవు.

మేస్త్రి వ్యాను దిగలేదు. “త్వరగా రా,” అన్నాడు కిటికీలోంచి. యార్డు వైపు చూడకుండా అన్నాడు.

లోపల బళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మధ్యలో సందులు. పాత ఆయిలు వాసన, నానిన సీట్ల వాసన. ఎక్కడో ఊడిన రేకు గాలికి కిర్రుమంటోంది. సన్నగా తుంపర మొదలైంది. వ్యానక్క టార్చి వేసుకుని, ముందు భాగం బాగున్న బండి కోసం చూసుకుంటూ చివరి సందు దాకా వెళ్ళింది.

అక్కడ, వెనక గోడకు ఆనుకుని, ముందు భాగం నలిగిపోయిన కారొకటి ఉంది. నీలం రంగు. డోరు మీద పొడుగాటి గీత. వాడు గేటుకు రాసుకుంటే తను తిట్టిన గీత.

కేసు తేలాక కారు ఎటు పోయిందో ఆమెకెవరూ చెప్పలేదు. తనూ అడగలేదు. పక్క బండిని పట్టుకుని నిలబడింది. కాసేపటికి దగ్గరికెళ్ళి డోరు మీద మూడుసార్లు తట్టింది. “చిన్నోడా... తియ్యనా?” అంది మెల్లగా.

ఏ చప్పుడూ లేదు. తుంపర మాత్రం.

వంకరపోయిన బానెట్ రెండు చేతులా ఎత్తి, పక్కనున్న కర్ర ఆనించింది. హారన్ అక్కడే ఉంది. కాలిన మచ్చ కూడా లేదు. దాని వైరు మాత్రం ఊడి వేలాడుతోంది. ఊడిపోలేదు... ఊడదీశారు. రాగి తీగ కొస వెనక్కి మడిచి, దాని మీద సైకిల్ ట్యూబు రబ్బరు పేలిక చుట్టి, కొస లోపలికి దోపి ఉంది.

వ్యానక్కకు లోకమంతా ఆ రబ్బరు ముక్కంత అయిపోయింది.

ఈ పనితనం ఆమెకు తెలుసు. పెళ్ళైన నాటి నుంచీ చూస్తోంది. అందరూ వైరు పీకి వదిలేస్తారు. మేస్త్రి ఒక్కడే, తీగ దేనికీ తగిలి నిప్పురవ్వ లేవకూడదని, కొస మడిచి సైకిల్ ట్యూబు చుట్టి దోపుతాడు. జేబులో ఎప్పుడూ ఆ పేలికలు ఉంటాయి. బట్టలుతికేటప్పుడు తీసి పక్కన పెట్టేది తనే.

టార్చి ఇంకాస్త లోపలికి తిప్పింది. బ్రేకు సిలిండరు ఉండాల్సిన చోట ఖాళీ. నాలుగు వైపులా తుప్పు, ఆ ఖాళీ అంచున మాత్రం కాస్తంత వెండి రంగు.

“కంపెనీ సరుకు బామ్మర్దీ, ఇవాళే దిగింది.” ఆ మాట తన ఎదుటే అన్నాడు. తను టీ కలుపుతోంది అప్పుడు.

“ఎంతసేపే?”

మేస్త్రి. వెనక నిలబడి ఉన్నాడు. కారును చూశాడు, ఎత్తిన బానెట్ చూశాడు. సంచీ చేతిలోంచి జారింది.

“ఇది మీ ముడి,” అంది వ్యానక్క.

“ఏం మాటలవి? ఏ మెకానిక్కో...”

“ఇంకెవరు దోపుతారు ఇలా? చెప్పండి. ఒక్కడి పేరు చెప్పండి.”

ఆయన పెదాలు తడుపుకున్నాడు.

“షెడ్డు మూసి వస్తుంటే హారన్ వినపడింది. నేను వెళ్ళేసరికే... బతకడనుకున్నాను. హారనుకు జనమొస్తే బ్రేకు చూస్తారు. షెడ్డు పోతుంది, మన బతుకు పోతుంది. అందుకే సిలిండరు విప్పుకుపోయాను. నీకోసం కూడా...”

“నా పేరెత్తకండి.” ఆమె గొంతు పెరగలేదు. అంత మెల్లగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. “మీరు స్పానరు తిప్పుతుంటే వాడు అద్దం అవతలే ఉన్నాడు. మూరెడు దూరం. వాడి మొహం చూశారా?”

“బానెట్ ఎత్తాను కదా... కనపడలేదు.”

అందుకే ఎత్తాడు. పనికోసం ఒక్కటే కాదు. వాడు కనపడకుండా ఉండడానికి కూడా. వ్యానక్కలో ఇన్నాళ్ళూ దిక్కుతెలియక కూర్చున్న కోపం లేచి నిలబడింది. వీధిలోని ఆ పెద్దాయన, కిటికీలు మూసుకున్న వాళ్ళు, అందరూ వెనక్కి పోయారు. ఈ చెయ్యి. రోజూ తన కంచంలో తిన్న చెయ్యి.

“వాడు పిలుస్తున్నాడండీ,” అంది. “అది హారన్ కాదు. వాడు పిలుస్తున్నాడు. మీరు ఎవరినడిగి తీశారు?”

మేస్త్రి నోరు తెరిచాడు.

హారన్ మోగింది.

రెండు పొట్టి కూతలు... ఒక పొడుగు కూత. పొడుగు కూత ఆగలేదు. పేర్చిన బళ్ళ రేకులన్నీ అదిరాయి. తుప్పు రాలింది. బ్యాటరీ లేదు. వైరు ఊడి, వాళ్ళ కళ్ళముందే వేలాడుతోంది. అయినా మోగుతోంది... ఏడుపులా కాదు. కోపంగా. గొంతు చించుకుని అరిచే మనిషిలా.

“ఆపు... ఆపవే దాన్ని!” మేస్త్రి బానెట్ కిందికి దూరాడు. వైరు వెతుకుతున్నాడు. పీకిన వైరునే మళ్ళీ పీకుతున్నాడు. అరచేతులతో హారన్ మూతి మూస్తున్నాడు. ఆమె కదల్లేదు. చెవులు మూసుకోలేదు. ఆ రాత్రి వినలేకపోయింది. ఇప్పుడు మొత్తం వింది.

ఉన్నట్టుండి ఆగిపోయింది.

నిశ్శబ్దం. తుంపర కూడా లేదు.

కారు లోపలి నుంచి, డోరు మీద... ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు.

ఎవరో తట్టారు.

“బావా...” తడిసిన గొంతు. ఆమె ఎత్తుకుని ఆడించినవాడి గొంతు. “తీసుకోనా?”

మేస్త్రి వెనక్కి పడ్డాడు. నోరు పెద్దగా తెరిచాడు. మెడ నరాలు పొంగాయి, గుండెలు ఎగిసిపడ్డాయి, ఆ నోట్లోంచి మాత్రం గాలి కూడా రాలేదు. వ్యానక్క టార్చి ఇంజను మీదికి తిప్పింది. హారన్ వైరు కొస బోడిగా ఉంది. రబ్బరు పేలిక లేదు. నేల మీదా లేదు.

ఆయన్ని భుజం పట్టి నడిపించుకొచ్చింది. గేటు దగ్గర తుప్పు మామ్మ అదే పట్టా మీద కూర్చుని ఉంది.

“మోగిందా తల్లీ?”

“మీకు వినపడలేదా?”

“ఏ బండి మోగుతుంది ఇక్కడ? గేటు దాటే ముందే బ్యాటరీ పీకేస్తాను.” మేస్త్రి వంక ఒకసారి చూసి తల తిప్పుకుంది. “హారన్ పట్టుకెళ్ళవా?”

“వద్దు మామ్మా. దాన్ని అక్కడే ఉండనీ.”

తెల్లారాక డాక్టరు లైటు పెట్టి మేస్త్రి గొంతంతా చూశాడు. వాపు లేదు, పుండు లేదు, భయపడ్డాడేమో, మెల్లగా మాటొస్తుంది అన్నాడు. ఇన్‌స్పెక్టరుతో వ్యాను బాగుపడేదాకా నడపనని తనే చెప్పేసింది వ్యానక్క. పిల్లలు వేరే వ్యాను ఎక్కుతున్నారు. పోలీసుల దగ్గరికి వెళ్ళి బ్రేకు సంగతి, వైరు సంగతి చెప్పింది. రాసుకున్నారు. మీ ఆయన నోటితో చెప్పాలి కదమ్మా అన్నారు. అది వినగానే ఆమెకు మళ్ళీ మండింది. ఆ నోరు తెరిపించాలి. ఎలాగైనా చెప్పించాలి.

మర్నాడు పొద్దెక్కాక, అన్నం కలిపి ఆయన ముందు కూర్చుంది. ఆయన పిల్లాడిలా నోరు తెరిచాడు. కిటికీలోంచి ఎండ నేరుగా పడింది.

అంగిట్లో, కొండనాలుక చుట్టూ, నల్లగా ఏదో ఉంది.

వంగి చూసింది. సైకిల్ ట్యూబు రబ్బరు పేలిక. బిగించి కట్టి ఉంది. మేస్త్రి కట్టే పద్ధతి కాదది. కొస లోపలికి దోపలేదు. ఒక చెవి బయటికి వదిలి, రెండో కొస దాని మెడకు చుట్టి ఉంది.

చెవి పట్టుకుని లాగితే విడిపోతుంది. ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. విడిపోతే ఆయన మాట్లాడతాడు, చేసిందంతా నలుగురిలో చెప్తాడు. మేస్త్రి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తల ఊపుతున్నాడు. లాగమనో... వద్దనో.

వ్యానక్క వేళ్ళు ముందుకు చాచింది.

వాకిట్లో వ్యాను హారన్ మోగింది. రెండు పొట్టి కూతలు. ఒక పొడుగు కూత.

అడక్కుండా ముట్టుకోకు అన్న మామ్మ మాట గుర్తొచ్చి, ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చచ్చిన హారన్ను నిన్ననే తన చేత్తో విప్పి పారేసింది. వ్యానుకు ఇంకా హారన్ బిగించలేదు.