కంపెనీ సెట్టింగే ఉంచు బాబూ

కారు ఇంజిన్‌కి ఒక చిన్న కంప్యూటర్ డబ్బా ఉంటుంది. ఇంజిన్ ఎంత పెట్రోలు తాగాలో, ఎప్పుడు ఉరకాలో, ఎప్పుడు తగ్గాలో అన్నీ అదే చెబుతుంది. కంపెనీవాడు అందులో రాసిపెట్టేది మరీ పథ్యం తిండి. దాన్ని తుడిచేసి నా సొంత సెట్టింగు రాసి, అదే బండిని పరుగెత్తించడం నా వృత్తి. కుర్రకారు నన్ను డాక్టరు అనేవాళ్లు. ఆ మాటకి ఉబ్బిపోయేవాణ్ణి, దాచుకోవడం దేనికి.

టీచరమ్మ కుర్రకారు కాదు. యాభై దాటిన పొట్టి మనిషి. సీటు ముందుకి జరుపుకుని, స్టీరింగుకి గడ్డం ఆనించినట్టు కూర్చుని నడిపేది. డాష్‌బోర్డు మీద దీపం ఒకటి ఆరడం లేదని బండి తెచ్చింది.

"ఇంజిన్ బద్ధకంగా ఉంది మేడమ్. నా సెట్టింగు వేస్తే ఎగిరిపోతుంది," అన్నాను.

"ఎగరడం నాకెందుకు? బడికెళ్లి వస్తే చాలు. కంపెనీ సెట్టింగే ఉంచు బాబూ."

సరేనన్నాను. ఆవిడ అటు వెళ్లగానే నాది వేశాను. రేసు బండి కోసం కొత్తగా రాసిన సెట్టింగు అది. అదే రకం ఇంజిన్ చేతికి దొరికింది కదా, ఎలా నడుస్తుందో చూద్దామనుకున్నాను. అందులో ఒక రక్షణ తీసేశాను. మామూలుగా బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి నొక్కితే కంప్యూటర్ బ్రేకు మాటే విని ఇంజిన్‌ని తగ్గిస్తుంది. రేసువాళ్లకి అది అడ్డం.

నాలుగో రోజు కాళ్లకింది మ్యాట్ జారి యాక్సిలరేటరు మీద ఇరుక్కుంది. ఆవిడ బ్రేకు తొక్కినా బండి ఆగలేదు. బడి గోడకి కొట్టుకుని ఆగింది. టీచరమ్మ అక్కడే పోయింది.

ఆ డబ్బాలో ఏముందో చూసి చెప్పమని ఇన్‌స్పెక్టరు నన్నే పిలిచాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు. మ్యాట్ ఇంకా అలాగే ఇరుక్కుని ఉంది. దాన్ని పక్కకి లాగేశాను. కంపెనీ సెట్టింగు తిరిగి రాసేశాను. 'బండిలో లోపం లేదు, బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కారు' అని కాగితం మీద సంతకం చేశాను. పిల్లలు తిరిగే చోట కళ్లు నెత్తికెక్కి నడిపిందని ఆవిణ్ణి అందరూ తిట్టారు.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆవిడ భర్త అదే బండి తోలుకొచ్చాడు. పోస్టాఫీసులో గుమాస్తా, మెత్తటి మనిషి. ముందుభాగం బాగు చేయించాడు. "ఒక్కసారి పరీక్ష చేసిపెట్టు," అని బయట బల్ల మీద కూర్చున్నాడు. వాన పడుతోంది. బండి కదలకుండా చక్రాలు మాత్రమే తిరిగే రోలర్ల మీదికి ఎక్కించి, చప్పుడు బయటికి పోకుండా షట్టరు దించాను. లోపల మసక చీకటి.

సీట్లో కూర్చుని లాప్‌టాప్ తగిలించాను. డబ్బాలో ఉన్నది కంపెనీ సెట్టింగు కాదు. నాది.

పొరపాటేమో అనుకున్నాను. కంపెనీది రాశాను. మళ్లీ చదివితే... నాదే. ఇంకోసారి రాశాను. నాదే.

సుద్దముక్కల వాసన వచ్చింది. దాని వెనకే కాలిన రబ్బరు వాసన. అప్పుడు సీటు కదిలింది... మెల్లగా, ముందుకి. స్టీరింగు నా ఛాతీకి ఆనింది. అద్దం కిందికి వంగింది, పొట్టి మనిషికి సరిపడా.

ఇంజిన్ దానంతటదే లేచింది.

కింద రోలర్లు తిరగసాగాయి. తలుపు లాగాను... రాలేదు. బ్రేకు తొక్కాను. ఇంజిన్ తగ్గలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. ఇంకా అరిచింది. అప్పుడు నా కుడిపాదం మీద ఇంకో పాదం పడింది. చిన్నది. మంచులా చల్లగా ఉంది. నా కాలితో పాటు బ్రేకు తొక్కుతోంది... ఎముక విరిగేంత బలంగా.

చెవి పక్కనే గుసగుస.

"నేను తొక్కింది ఏది బాబూ?"

"బ్రేకే! బ్రేకే తొక్కారు! తప్పు నాది!" అని గొంతు చించుకుని అరిచాను.

ఇంజిన్ ఆగింది. తలుపు తెరుచుకుంది. షట్టరు ఎత్తేసరికి ఎదురుగా ఆయన నిలబడి ఉన్నాడు.

"ఏదో అరిచావు?"

చెప్పాల్సింది ఆ క్షణమే. జైలు గుర్తొచ్చింది. "ఏం లేదండీ. బండి బాగుంది, కంపెనీ సెట్టింగులోనే ఉంది," అన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. నా అంత పిరికివాడు, నీచుడు ఇంకొకడు ఉండడు.

ఆ సాయంత్రం బూటు విప్పితే కుడిపాదం మీద నల్లగా కమిలిన గుర్తు. చిన్న పాదం, ఐదు వేళ్లతో సహా. మర్నాడు అది చీలమండ మీద ఉంది. తర్వాత పిక్క మీద. రోజుకో అడుగు... పైకి. నా భార్య కంట పడకుండా నిండు బట్టలతో పడుకున్నాను. తొడ, నడుము, పొట్ట. ఛాతీ దాటిన రోజు ఊపిరి సరిగా ఆడలేదు. ఇక నా వల్ల కాలేదు. జరిగిందంతా కాగితం మీద రాసి, ఒకటి ఇన్‌స్పెక్టరుకి ఇచ్చి, రెండోది పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లాను.

ఆయన నిలబడే చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. తిడతాడని, కొడతాడని ఎదురుచూశాను. కొట్టినా బాగుండేది. కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, గొంతు దాకా బొత్తాలు పెట్టుకున్న నా చొక్కా వంక చూశాడు.

"ఎక్కడిదాకా ఎక్కింది?" అని మెల్లగా అడిగాడు.

ఆ పాదం సంగతి నేను కాగితంలో రాయలేదు. ఎవరికీ చెప్పలేదు.