వేలెడు ఎక్కువైన కిటికీ

"టంకం పెట్టకు, ఆగు! ముందుగాల చట్రం పెట్టి చూడు," అంది అనసూయ.

మల్లికార్జున్ చెక్క చట్రం తెచ్చి, బల్ల మీద పరిచిన కిటికీపై ఆనించాడు. పట్టలేదు. నీలం, పసుపు, ఎరుపు అద్దాల ముక్కల్ని సీసం కడ్డీల మధ్య పేర్చి చేసిన చర్చి కిటికీ, చట్రం కన్నా వేలెడు వెడల్పుగా ఉంది.

"ఎట్ల కోసినవు?"

"కాగితం మీద గీత ఎట్లుందో అట్లనే. ఎంట్రుకంత తేడా లేదు."

"అదే తప్పు. అద్దానికి అద్దానికి నడుమ సీసం కూసుంటది గదా. దానికి జాగ ఇడువద్దా?"

"మగ్గం మీద పోగుకు పోగుకు నడుమ జాగ ఇడిస్తే బట్ట జల్లెడైతది!"

"ఇది బట్ట గాదు సారూ," అని నవ్వింది. తిట్టినా బాగుండేది అనుకున్నాడు మల్లికార్జున్.

అది 1982. మగ్గం కూడు పెట్టక, కొత్తవాడ నుంచి వచ్చి హన్మకొండలో కట్టయ్య అద్దాల దుకాణంలో చేరాడతను. పని నేర్పేది మాత్రం కట్టయ్య కూతురు అనసూయే. "ఈ కిటికీ సక్కగొస్తే ఉంటవు. లేకుంటే మళ్ల మగ్గమే," అని కట్టయ్య ముందే చెప్పాడు. సాయంత్రం వచ్చి చూస్తానన్నాడు కూడా.

మల్లికార్జున్‌కు మగ్గమంటే భయం లేదు. అనసూయ కనబడని రోజంటేనే భయం. ఆ మాట ఆమెతో అనే ధైర్యం ఉంటే మనకీ కథతో పనే లేదు.

బయట ముసురు పట్టింది. ఇద్దరూ సీసం విప్పి, పటకారుతో అద్దాల అంచులు కొద్దికొద్దిగా చిదిమి తగ్గించడానికి కూర్చున్నారు.

"నువ్వు పోతే ఇంకోడొస్తడు," అంది అనసూయ తలెత్తకుండా.

"రానీ. సక్కగ కోస్తడు."

"కోస్తే కోయనీ. నాకు నువ్వే ఉండాలె."

మల్లికార్జున్ పటకారు గాలిలోనే ఆగిపోయింది.

"నేను గూడ..." పటకారు బల్ల మీద పెట్టాడు. "నీ కోసమే వస్తాన్న ఈడికి. పని తర్వాత సంగతి."

"ఏం చేస్తాన్రు?"

గడపలో గొడుగు ముడుస్తూ కట్టయ్య! ఇద్దరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన విప్పిన కిటికీని చూశాడు. ఒక ముక్క తీసి కాగితం మీద పెట్టి చూశాడు.

"గీతకు గీత కోసినవా?"

"కోసిన సేటూ."

కట్టయ్య పకపకా నవ్వాడు. "మాదీ మగ్గం ఇల్లే. నా మొదటి కిటికీ గూడ గిట్లనే ఉబ్బింది. మగ్గం మీద పెరిగిన చెయ్యి సందు కనబడితే ఊకోదు. సరిచేసేదాంక ఉండు."

"ఆ తర్వాత?"

అడిగింది మల్లికార్జున్ కాదు, అనసూయ.

కట్టయ్య కూతుర్ని చూశాడు. చెవులదాకా ఎర్రబడ్డ కుర్రవాణ్ణి చూశాడు. అర్థం కానంత ముసలివాడేం కాదు.

"ఐతారం మీ అవ్వను, బాపును తోలుకరా," అన్నాడు.

"వాళ్లెందుకు సేటూ? తప్పు చేసింది నేను గదా!"

అనసూయ నెత్తి కొట్టుకుంది. "పిల్లనడగనీకి పెద్దోళ్లే రావాలె. గంత గూడ తెల్వదా?"

మల్లికార్జున్‌కు తెలియదు మరి. ఆ పనీ అతనికి కొత్తే.