పీతలమొగ తెల్లబిళ్ళ

జగదీశ్వర్‌ను చంపినవాళ్లు కత్తి వాడలేదు, తుపాకీ వాడలేదు. అతను ఏ నీళ్లను పరీక్షించడానికి వచ్చాడో ఆ నీళ్లనే గరాటు పెట్టి తాగించారు. కడుపు నిండి, గొంతు దాకా నిండి, ఇక పట్టదని తేలాక పీతలమొగ ఒడ్డున బోర్లా పడుకోబెట్టి, తల పక్కన ఖాళీ సారా సీసా పెట్టి వెళ్లిపోయారు. తాగి పడి చచ్చాడని పోలీసులు రాసేసుకున్నారు. సీసాను అందరూ చూశారు. శవం నోటి వాసన చూసే తీరిక మాత్రం ఎవరికీ లేకపోయింది.

దేశంలో గూఢచారి సంస్థలు బోలెడు. సరిహద్దులు కాసేదొకటి, ఆకాశం కాసేదొకటి. చిన్నచిన్న ఏళ్లు సముద్రంలో కలిసే మొగలను కాసే సంస్థ కూడా ఒకటుందని అందులో పనిచేసేవాళ్ల పెళ్లాలకే తెలియదు. దాని పేరు ఎస్టూరీ సెల్. జగదీశ్వర్ దాని మనిషే. పెద్ద నది మొగ మీద పదిమంది కళ్లుంటాయి. చిన్న మొగను చూసేది కొంగలు, పీతలు, ఈ సెల్. పురుగుమందుల ఫ్యాక్టరీల మురికి, మాత్రల ఫ్యాక్టరీల మురికి దొంగతనంగా పారబోయడానికి అంతకంటే మంచి చోటేముంది?

విషం కలిసేది సముద్రపు ఒడ్డున. బయల్దేరేది మాత్రం బొగ్గు గనుల నడుమ నుంచి. అందుకే సెల్‌కు గోదావరిఖనిలో ఒక చీఫ్ ఉంది. పేరు సుల్తాన్ బీ. ఓపెన్ కాస్టు గని దారిలో చాయ్ హోటల్ నడుపుతుంది. ఆమె చాయ్ తాగిన లారీ డ్రైవర్ భద్రాచలం దాటేదాకా రెప్ప వేయడని, దాటాక కూడా ఒక కన్నే వేస్తాడని ఆ బెల్టులో ప్రతీతి.

ఆ మధ్యాహ్నం ఏజెంట్ సదయ్య ఆమె ముందు కూర్చున్నాడు. ఒంటినిండా బొగ్గు, నెత్తిన టోపీ లైటు, నడుముకు దాని బ్యాటరీ డబ్బా. ఫస్టు షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడంటే కన్నతల్లి కూడా నమ్మేది. టోపీ లైటులో కెమెరా ఉంది. బ్యాటరీ డబ్బాలో బ్యాటరీ లేదు, మంచు ఉంది.

సుల్తాన్ బీ బ్రీఫింగ్ పొడి పొడిగా సాగింది. సిమెంటు మోసే బల్కర్ లారీలు. గుండ్రటి ట్యాంకులో సిమెంటు పొడే ఉంటుందని ఏ చెక్‌పోస్టూ మూత తీయదు. లోపల ఫ్యాక్టరీల మురికి. నడిపేది ఒక విదేశీ ముఠా. దాని పెద్ద ఓల్సెన్ ఈ చుట్టుపక్కలే ఉన్నాడు, ఏ వేషంలో ఉన్నాడో తెలియదు. రుజువు ఒక్కటే: జగదీశ్వర్ మొగ నీళ్లలో వేలాడదీసిన తెల్లబిళ్ళ. పోకచెక్కంత ఉంటుంది. దూది సిరాను పీల్చినట్టు నీళ్లలో దాగిన మందులన్నిటినీ పీల్చి దాచుకుంటుంది. దాన్ని జగదీశ్వర్ దగ్గర పనిచేసిన యమున తెస్తోంది. వేడి తగలకుండా ల్యాబ్‌కు చేర్చాలి.

“బిళ్ళ లేకుంటె బల్కర్ ఉత్త బల్కరే బేటా,” అంది సుల్తాన్ బీ. “సెల్ బంద్. మీ బావ తాగుబోతు.”

సదయ్య గ్లాసు వైపు చూశాడు. జగదీశ్వర్ అతని అక్క శోభ మొగుడు. జీవితంలో దగ్గు మందు తప్ప ఏమీ తాగని మనిషి. శోభ ఇక్కడే దవాఖానలో నర్సు. మొగుడు తాగి చచ్చాడన్న కబురు వచ్చిన నాటి నుంచి వార్డులో తాగుబోతు రోగులు కూడా ఆమెను జాలిగా చూస్తున్నారు. ఆ జాలినే ఆమె ఓర్చుకోలేకపోతోంది.

యమున వచ్చింది. నల్లకళ్లద్దాలు, సముద్రం రంగు చీర, బొగ్గు దుమ్మును కూడా సిగ్గుపడేలా చేసే అత్తరు. ఆమె బెంచీ మీద కూర్చోగానే హోటల్లో సగం మంది చాయ్ మరిచిపోయారు, మిగతా సగం ఇంటిని మరిచిపోయారు.

“ఇక్కడ ఉప్పు చేపలు దొరుకుతాయాండి?” అంది. అది కోడ్.

“ఉప్పు చేపలు లెవ్వు. బొగ్గు చేపలున్నయి,” అన్నాడు సదయ్య.

“ముళ్లుంటాయా?”

“మింగినంక తెలుస్తది.”

కోడ్ కుదిరింది. యమున చిన్న డబ్బా ముందుకు జరిపింది. పొద్దున్నే పెద్దపల్లిలో రైలు దిగానని, ఈ ప్రాంతానికి రావడం ఇదే మొదలని, ఎండకు తల పగిలిపోతోందని చెప్పింది. బిళ్ళను రెండుసార్లు పరీక్షించానని, నీళ్లు శుభ్రంగానే ఉన్నాయని కూడా చెప్పింది. జగదీశ్వర్ గారు మంచివారేగాని మందు అలవాటుండేదని, ఆ మత్తులోనే ఏవేవో ఊహించుకునేవారని నిట్టూర్చింది. తన ముందున్న మనిషి ఆ మంచివాడి బావమరిదని ఆమెకు తెలియదు. సదయ్య చెప్పలేదు.

అప్పుడే ఓపెన్ కాస్టులో బ్లాస్టింగ్ సైరన్ మోగింది.

హోటల్లో ఉన్న ప్రతి అరచేయీ మాట ఆపకుండా, తల ఎత్తకుండా వెళ్లి చాయ్ గ్లాసు మీద కప్పుకుంది. యమున అరచేయి అన్నిటికంటే ముందు వెళ్లింది. దూరంగా భూమి దగ్గింది, రేకులు గలగలమన్నాయి, కప్పు నుంచి జల్లెడ పట్టినట్టు మట్టి రాలింది.

సదయ్య ఆమె అరచేతినే చూస్తున్నాడు. ఆ విద్య బడిలో చెప్పరు. కొత్తగా వచ్చినవాడు సైరన్ వింటే ఆకాశం చూస్తాడు, లేదా బెంచీ కిందికి దూరతాడు. చాయ్‌లో మట్టి పడి, పళ్ల కింద కరకరలాడి, మళ్లీ పడి, మళ్లీ కరకరలాడితే గాని చేయి దానంతటది లేవదు. పొద్దున రైలు దిగిన చేయి కాదది. నెలల తరబడి ఇక్కడి చాయ్ తాగిన చేయి.

అతను సుల్తాన్ బీ వైపు చూశాడు. ఆమె కూడా అదే చూసింది. హోటల్ ఖాళీ చేయించి షట్టరు దించింది.

సదయ్య లోపలి నుంచి ఒక సీసా తెచ్చి, అందులోని నీళ్లు గ్లాసులో పోసి యమున ముందు పెట్టాడు. అవి పీతలమొగ నీళ్లనీ, జగదీశ్వర్ చచ్చే ముందు పంపాడనీ మెల్లగా చెప్పాడు. నీళ్లు శుభ్రమని ఆమే రెండుసార్లు పరీక్షించింది కదా. ఎండకు తల కూడా పగిలిపోతోంది కదా.

“తాగు,” అన్నాడు.

యమున నవ్వింది. గ్లాసు ఎత్తింది. పెదవుల దాకా తెచ్చింది. అక్కడే ఆపేసింది. సదయ్య తొందరపెట్టలేదు, గోడకున్న గరాటు తీసి తుడుస్తూ కూర్చున్నాడు. హోటళ్లలో గరాటు ఉండటం వింతేమీ కాదు, కిరోసిన్ పోయడానికి ఉంటుంది. యమున మాత్రం దాన్ని చూడగానే గ్లాసు కింద పెట్టేసింది.

“పోసింది నేను కాదండి,” అంది. “నేను కాళ్లు మాత్రమే పట్టుకున్నానండి.”

తర్వాత నిజాలన్నీ వరసగా పడ్డాయి. ఆమె నెలలుగా ఓల్సెన్ దగ్గరికి ఇక్కడికి వచ్చిపోతోంది. డబ్బాలో ఉన్నది కొత్త బిళ్ళ. మొగలో నానిన అసలు బిళ్ళ ఓల్సెన్ దగ్గరుంది. అతను ఎవరినీ నమ్మడు, తన చేత్తోనే కాల్చాలని అడిగి తీసుకున్నాడు. బసంత్‌నగర్ దారిలో ఒక ప్రైవేటు బొగ్గు డిపోలో ఉన్నాడు. వేషం, బొగ్గు కుప్పల మంటలార్పే విదేశీ నిపుణుడు. బల్కర్ కూడా అక్కడే ఉంది. అది బయల్దేరగానే బిళ్ళను కాల్చేస్తాడు.

యమున ఏడుస్తుంటే సుల్తాన్ బీ గ్లాసులోని నీళ్లను చాయ్ గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టింది.

“నల్లా నీళ్లు బేటీ,” అంది. “మేం రోజు తాగేటివే.”

సదయ్య రోడ్డెక్కాడు. సెల్‌కు హెలికాప్టర్ లేదు, షేర్ ఆటో ఉంది. దాని డ్రైవర్ కరీం కూడా సెల్ మనిషే, కానీ సీట్లు నిండకుండా బండి కదిపితే జనానికి అనుమానం వస్తుందన్నది అతని సిద్ధాంతం. కాబట్టి దేశభద్రత కోసం వెళ్తున్న ఏజెంటు ఒళ్లో ఒక అవ్వ వంకాయల గంప పెట్టింది. కరీం మాత్రం తోలడంలో లోటు చేయలేదు. వెనక చక్రాలు రెండే రోడ్డు మీద ఉన్నాయని కొందరు, అవీ లేవని కొందరు అంటారు.

డిపో గేటు దగ్గర బల్కర్ పొగ ఊదుతూ కదలబోతోంది. కరీం తన ఆటోను, వంకాయలను, అవ్వను దాని ముందు అడ్డంగా నిలిపాడు. బల్కర్ డ్రైవర్ హారన్ కొట్టాడు. బదులుగా అవ్వ ఎత్తుకున్న తిట్లకు ఇంజన్ దానంతటదే ఆగిపోయింది.

సదయ్య లోపలికి పరుగెత్తాడు. డిపో వెనక కొండంత బొగ్గు కుప్ప లోలోపల కాలుతూ పొగలు చిమ్ముతోంది. దాని పక్కన తెల్ల హెల్మెట్‌తో ఓల్సెన్, చేతిలో పట్టకారు, పట్టకారు కొసన తెల్లబిళ్ళ. సదయ్యను చూశాడు. కుప్ప నడిమిలో ఎర్రగా నోరు తెరుచుకున్న కన్నం ఉంది. అందులో వేసేద్దామని కుప్ప ఎక్కాడు.

కాలే కుప్ప పైన గట్టిగా ఉంటుంది. లోపల బొగ్గు బూడిదై డొల్లవుతుంది. గోదావరిఖనిలో ఆ కుప్పల మీదికి కుక్క కూడా ఎక్కదు. మంటలార్పే నిపుణుడు ఎక్కాడు. రెండో అడుగుకు మోకాళ్ల దాకా దిగిపోయాడు.

అతను పెట్టిన కేకను ఫ్యాక్టరీ సైరన్ అనుకుని బసంత్‌నగర్ కార్మికులు షిఫ్టు మారబోయారట. సదయ్య అక్కడున్న పొడవాటి పలక ఒకటి కుప్ప మీద పరిచి, దాని మీద పాకుతూ వెళ్లాడు. ఓల్సెన్ వేడి మీద ఊగుతూ చేయి చాచాడు. పట్టకారు కొసన బిళ్ళ ఎర్రటి కన్నానికి జానెడు దూరంలో వణుకుతోంది.

“ముందు బిళ్ళ,” అన్నాడు సదయ్య.

ఓల్సెన్ ఇచ్చాడు. సదయ్య దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. అంచు కూడా కమరలేదు. నడుము డబ్బా తెరిచాడు. మంచును ఒక పక్కకు జరిపాడు. బిళ్ళను రేకు కాగితంలో చుట్టి, ఆ చుట్టు నచ్చక విప్పి, మళ్లీ చుట్టాడు. మూత పెట్టాడు. కొక్కెం సరిగా పడిందో లేదో లాగి చూశాడు. పడింది. అప్పుడు చేయి అందించాడు.

ల్యాబ్ తేల్చింది. బిళ్ళలో ఉన్నది ఒక పురుగుమందు, ఒక యాంటీబయాటిక్. బల్కర్‌లో ఉన్నదీ ఆ రెండే. ముఠాను ఊరూరా పట్టుకున్నారు, యమునను పెద్దపల్లి పోలీసులు తీసుకెళ్లారు. జగదీశ్వర్ తాగి చావలేదని, చంపబడ్డాడని సర్కారు ఒప్పుకుంది. ఆ సంగతి సదయ్య వార్డుకు వెళ్లి చెప్పినప్పుడు శోభ సూది మందు ఎక్కిస్తోంది. చేయి ఆపలేదు. తల మాత్రం ఒకసారి ఊపింది. చుట్టూ మంచాల మీద ఉన్న తాగుబోతులు తలలు దించుకున్నారు.

చివరి మంచం ఓల్సెన్‌ది. కాలిన కాళ్లు చీము పట్టాయి. నెలల పాటు పగిలిన పాదాలతో మొగల్లో దిగి మురికి పారబోయించిన మనిషి, అక్కడి కంటికి కనిపించని పురుగులు అప్పుడే ఒంట్లో చేరాయి. లంచాలివ్వడానికి నేర్చుకున్న తెలుగు ఇప్పుడు అడుక్కోవడానికి పనికొచ్చింది. ఇన్ని సూదులు పొడిచినా తగ్గడం లేదేమని, ఇంతకంటే పెద్ద మందు లేదా అని అడిగాడు.

శోభ కట్టు విప్పి, పుండు చూసి, కొత్త కట్టు కట్టింది. ఆమె చేతులు దూది కంటే మెత్తగా పనిచేశాయి.

“మందు మంచిదే సారూ, మీరు మురికి మోసిన ఫ్యాక్టరీదే,” అంది. “మొగల్ల పురుగులు గదే తాగి పెరిగినయి. గిప్పుడు మీ కాళ్లల్ల మంచిగున్నయి.”