వెండికొలను తెల్లరాళ్ళు

ధవళగిరి రాజ్యానికి నదులు మూడు. మూడింటికీ తల్లి ఒక్కటే: కొండ నెత్తిన, మంచు ఒడిలో ఉన్న వెండికొలను. మూడేళ్ళుగా ఆ కొలను ఇంకిపోతోంది. మంచు ఏటికేడాదీ శిఖరం వైపు జరిగిపోతోంది. కింద వరిమళ్ళు నెర్రెలిచ్చాయి. ఇది చాలదన్నట్టు కొలను ఒడ్డున ఒక మనిషి రాయిగా మారడం మొదలైంది.

అతడు డోలీలు మోసే పైడయ్య. యాత్రికుల కోసం తెల్లరాయి ఏరబోయి, వంగినవాడు వంగినట్టే నిలిచిపోయాడు. ముందు పాదాలు, తరువాత మోకాళ్ళు రాయిగా మారాయి. గుండె కూడా రాయైతే ఇక మనిషి దక్కడు.

"ఈ శాపం విడిపించినవారికి కోరింది ఇస్తాను" అని హేమకేతు మహారాజు చాటింపు వేయించాడు. ఏడుగురు రాకుమారులు కొండెక్కారు. ఒక్కొక్కరి వెంట నూరు గుర్రాలు, వంటవాళ్ళు, భజంత్రీలు. కట్టెల కోసం దేవదారులు నరికారు, అంట్లు కొలనులో తోమారు. శాపం విడలేదు సరికదా, కొలను మరో మూర తగ్గింది.

అప్పుడు పైడయ్య కూతురు నూకాలు బయలుదేరింది. ఆ పిల్లకు పద్నాలుగేళ్ళు. గుర్రం లేదు, కత్తి లేదు. అటుకుల మూట, సొరబుర్రలో నీళ్ళు, అంతే.

దేవదారు వనం మొదట్లో, సరిహద్దు రాయి దగ్గర పెద్ద ఎలుగుబంటి అడ్డం పడింది.

"ఎవత్తివే? ఎనిమిదో రాకుమారివా?"

"డోలీ పైడయ్య కూతుర్ని ఎలుగుమావా. కళ్ళు అంతలా ఎర్రబడ్డాయేంటి?"

"చలి పడితే కదా కన్ను మూతపడేది! మూడేళ్ళయింది నిద్రపోయి. నన్ను నిద్రపుచ్చితేనే నీకు దారి."

"మరి రాకుమారుల్ని ఎలా వదిలావు?"

"వాళ్ళు నన్ను తొక్కుకుంటూ పోయారు. నువ్వు ఒక్కదానివేగా, నిన్నయితే ఆపగలను. అన్నట్టు ఒకడు నాకు జోల పాడించాడులే, నలభై డోళ్ళతో!"

నూకాలు నవ్వు ఆపుకుని, పక్కనే ఉన్న ఎలుగు గుహ చుట్టూ చూసింది. వాకిట్లోనే రాకుమారుల వంటపొయ్యిలు ఉన్నాయి. పుల్లతో కెలికితే నివురు కింద నిప్పు ఎర్రగా కనబడింది. బుర్రలో నీళ్ళు పోసి ప్రతి పొయ్యినీ ఆర్పింది. వేడి బూడిదంతా దూరంగా ఊడ్చింది. రాలిపడ్డ కొమ్మలు తెచ్చి ఎండ కొట్టే వైపు గుహకు తడిక కట్టింది. లోపల చల్లబడింది. ఎలుగు నోరంతా తెరిచి ఆవులించింది.

"నీ దగ్గర నిప్పుందా?"

"అటుకులకి నిప్పెందుకు మావా?"

"అయితే పైవాడు నిన్ను ఏమీ..." మాట పూర్తి కాకుండానే గురక మొదలైంది.

ఆ పైవాడు ధూమాసురుడు. మంచు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న నల్లటి పొగ రాక్షసుడు. అతడు చేయి చాచి నూకాలును పట్టబోయాడు. వేళ్ళు ఆమె ఒంటి మీద నుంచి ఉత్త పొగలా జారిపోయాయి.

"నిప్పు తేలేదా? ఛీ, పట్టు దొరకదు!" అని విసుక్కున్నాడు. "కత్తయినా తెచ్చావా?"

"లేదు. ఇంత బలిశావు కదా, ఏం తింటావో అడిగిపోదామని వచ్చాను."

రాక్షసుడు పొంగిపోయాడు. "పొద్దున్నే మీ రాజధాని సున్నపు బట్టీల పొగ. మధ్యాహ్నం యాత్రికుల నెగళ్ళ పొగ. పొద్దు గూకేలోగా మళ్ళీ బట్టీలే!"

"అవన్నీ ఆరిపోతే?"

రాక్షసుడి నవ్వు ఆగిపోయింది. గొప్పలు చెప్పుకునేవాడు గుట్టు కూడా చెప్పేస్తాడు. నూకాలు దండం పెట్టి ముందుకు సాగింది.

కొలను ఒడ్డున, ఆ కొండ మంచును కాచే ముసలమ్మ మంచవ్వ కూర్చుని మంచును నూలుగా వడుకుతోంది. పక్కనే పైడయ్య. రాయి అప్పటికే పొట్ట దాటింది.

"ఎందుకొచ్చావే అమ్మీ? తిరిగెళ్ళిపో!" అన్నాడు.

"నువ్వు లేకుండానా అయ్యా?" అని, ఆమె మంచవ్వ కాళ్ళ దగ్గర కూలబడింది.

"ఒకప్పుడు ఈ ఒడ్డంతా తెల్లరాళ్ళే" అంది మంచవ్వ. "ఎండను వచ్చిన దారినే పంపేసేవి. ఒక్క రాయికి ఏమవుతుందిలే అని ఎవరికి వారే పట్టుకుపోయారు. అడుగునున్న నల్లబండ బయటపడింది. అది ఎండను తాగి నీళ్ళను కాస్తోంది. ఎందుకు పట్టుకుపోతున్నారో తెలుసా?"

నూకాలుకు ఎందుకో తెలుసు. నాలుగేళ్ళ కిందట అయ్య డోలీలో కొండకొచ్చిన ఒక షావుకారు భార్య చలికి ఏడుస్తుంటే, ఊరడించడానికి తానే నోటికొచ్చిన మాట అనేసింది: "ఇక్కడి తెల్లరాయి ఇంట్లో ఉంటే సిరి తరగదంట!" ఆవిడ ఏడుపు మానింది. మర్నాటికి పదిమంది అడిగారు. డోలీలు మోసే బోయీలందరూ అదే మాట అందుకున్నారు.

"అవ్వా, ఆ మాట పుట్టించింది నేనే."

"తెలుసు. నీ నోట వినాలని అడిగాను."

"అన్నీ నేనే మోసుకొచ్చి పెడతాను."

"కుదరదు. ఏ చెయ్యి తీసిందో ఆ చెయ్యే పెట్టాలి. అప్పుడే మీ అయ్య మళ్ళీ మనిషవుతాడు."

నూకాలు ఆగకుండా కొండ దిగి నిండు సభలో నిలబడింది. అంతా చెప్పింది. తన అబద్ధంతో సహా.

"తల తీయించండి ప్రభూ!" అని మంత్రి లేచాడు.

"తరువాత తీయించండి. ముందు రాళ్ళు చేర్చండి" అంది నూకాలు. "సిరి వచ్చిందా మహారాజా? మీ నదులు చూడండి. మీ గోడల తెలుపు కోసం సున్నం కాల్చారు, కొండ తెలుపు పోయింది."

రాజు తన పాదపీఠం వంక చూశాడు. అందులో పదకొండు తెల్లరాళ్ళున్నాయి. తానే ఏరి తెచ్చుకున్నవి. సింహాసనం దిగి వాటిని స్వయంగా పెకలించాడు. "బట్టీలు ఆర్పించండి. నా మేడకు ఇక సున్నం వద్దు" అన్నాడు.

రోజుకు నూరుమందే కొండెక్కారు. నిప్పు లేకుండా, వట్టికాళ్ళతో, ఎవరి రాళ్ళు వారే మోసుకుంటూ. రాజుకు ఆయాసం వచ్చింది.

"డోలీ దొరకదా?"

"బోయీలూ తమ రాళ్ళు మోస్తున్నారు మహారాజా."

రాజు పదకొండో రాయి పెట్టగానే పైడయ్య ఛాతీ కదిలింది. నూరోవాడు పెట్టేసరికి నడుము వదిలింది. వారం తిరిగేలోగా అతడు నిటారుగా లేచి, "అమ్మీ, నడుం పట్టేసిందే!" అన్నాడు. తిండి లేక ధూమాసురుడు చిక్కి, చివరికి అగరువత్తి పొగంత అయ్యాడు. ఆ ఏడు మంచు మోకాటి లోతు కురిసింది. మూడో ఏటికి కొలను నిండింది.

"కోరుకో. మా అబ్బాయిని చేసుకుంటావా?" అన్నాడు రాజు.

"ఆయనకు కొండెక్కడం వచ్చా?"

"రాదు."

"అయితే నాకు సరిహద్దు రాయి ఇప్పించండి చాలు."

అలా రాయికి కింద రాజు ఏలుబడి, పైన నూకాలు ఏలుబడి అయింది. బోయీలు ఆమె కొలువులో కావలివాళ్ళయ్యారు. కొండ దిగేవారు ఎవరైనా ఆమె ఎదుట చేతులు దులిపి చూపించాల్సిందే.

ఒకనాడు రాజుగారు కొండ దిగివచ్చి చేతులు దులిపి చూపించారు.

"కాళ్ళు కూడా మహారాజా" అంది నూకాలు.

అరికాలికి అతుక్కుని పెసరగింజంత తెల్లరాయి ఉంది. రాజు దాని వంక చూశాడు, కొండ వంక చూశాడు. ఒక నిట్టూర్పు విడిచి మళ్ళీ పైకి నడిచాడు. గుహలో ఎలుగుమావ గురక పెడుతోందని, మునివేళ్ళ మీద, మెల్లగా.