నాలుగున్నర వేళ్ళ పిస్తోలు

"ఇది డూప్లికేటుంగ," అన్నాడు కృష్ణరాజ్, కొయ్య పిస్తోలును బల్ల మీద పెట్టేస్తూ.

"సరిగ్గా చూడకుండానే చెప్పేస్తారా?" సౌందరం కళ్ళెర్రజేసింది.

కోయంబత్తూరు అంతా మిల్లు సైరనుకు, అక్కడివాళ్ళ మాటలో సంగు కూతకు లేచి, మిల్లు సంగు కూతకు అన్నం తినే రోజులవి. సింగానల్లూరు దారిలోని ఒక స్టూడియోలో కృష్ణరాజ్ సామాన్ల గది చూసుకునేవాడు. పాత దొంగల సినిమాలో హీరో పేల్చిన పిస్తోలును ఎగ్జిబిషన్‌లో పెట్టాలని ముదలాళి, అంటే స్టూడియో యజమాని, ప్రకటన వేయించాడు. అంతే, ఊళ్ళో కొయ్య పిస్తోళ్ళన్నీ వచ్చి ఇతగాడి నెత్తిన పడ్డాయి. పదకొండింటిని వెనక్కి పంపాడు. పన్నెండోది ఈ అమ్మాయిది. ఈ అమ్మాయిని మాత్రం వెనక్కి పంపాలనిపించడం లేదు, అదీ వచ్చిన చిక్కు.

"గొట్టం మీద గీత సినిమాలో ఉన్నట్టే ఉండాది," అన్నాడు కృష్ణరాజ్. "కానీ పిడి చూడండి. మిగతా వేళ్ళకు గాడి నిండుగా తీసి, ఉంగరపు వేలికి సగమే తీసిండారు. హీరోకు వేళ్ళన్నీ బాగానే ఉండాయి కదా!"

సౌందరం ముఖం పాలిపోయింది. "మా నాయనకు ఉంగరపు వేలు సగమేంగ. మిల్లులో మెషీన్ కొరికేసింది."

ఆ నాయన అళగిరిసామి, మిల్లులో వడ్రంగి. నాలుగు గంటల సంగు కూయగానే స్టూడియోకు వచ్చి కొయ్య సామాన్లు చేసేవాడు. హీరోకు చెయ్యి వణుకుతుందనీ, తెర మీద పేల్చేది తన చెయ్యేననీ ఇంట్లో చెబితే అందరూ నవ్వారు. ఆయన పోయి రెండేళ్ళు. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు.

"నాయన పోయినప్పట్నుంచి, నాలుగు గంటల సంగు కూస్తే ఈ పిడి వేడెక్కుతాదింగ. ఇప్పుడే ఎవరో పట్టుకుని వదిలినట్టు. నా చేతిలోనే. వేరే ఎవరు పట్టినా సల్లగానే ఉంటాది. అమ్మకు భయం. నాయన చెప్పింది నిజం కాకపోతే ఈ పూటే పొయ్యిలో పెడతానంటాది."

కృష్ణరాజ్ పిస్తోలు వంక చూశాడు. 'అసలుదే' అని ఒక్క అబద్ధమాడితే ఈ పిల్ల నవ్వుతుంది. కానీ నోరు రాలేదు. ఆ సినిమా రీలు తెచ్చి ఎడిటింగ్ మెషీన్‌కు ఎక్కించాడు. బయట వాన రేకుల మీద దంచుతోంది.

చిన్న తెర మీద చెయ్యి పిస్తోలు పేల్చింది. బొటనవేలి వైపే కనబడుతోంది. అతను రీలును ఒక్కో బొమ్మే జరిపాడు. పేల్చాక కిందికి దిగుతూ దిగుతూ చెయ్యి కాస్త పక్కకు తిరిగింది. ఉంగరపు వేలు సగమే ఉంది.

"నాయనా!" సౌందరం ఆ తెరను తడుముతూ ఏడ్చేసింది.

"అసలుదేంగ. నేనే తప్పు చెప్పినాను, మన్నించండి."

అప్పుడే నాలుగు గంటల సంగు కూసింది. మెషీన్ ఆపేసే ఉంది. అయినా రీలు ఒక్క బొమ్మ ముందుకు జరిగింది. అందులో చెయ్యి ఖాళీగా, ఎవరినో రమ్మన్నట్టు చాచి ఉంది. ఆ రీలును వందసార్లు చూసిన కృష్ణరాజ్ ఆ బొమ్మను ఎన్నడూ చూడలేదు.

సౌందరం బల్ల మీది పిస్తోలును తీసి అతని చేతిలో పెట్టింది. "సల్లగా ఉండాది కదా?"

"లేదు. వేడిగా ఉండాది."

"సుమ్మా ఊరికే నన్ను సంతోషపెట్టేదానికి చెప్తిరా?"

"పదకొండు మందికి లేదు పొమ్మన్నవాణ్ణి. నచ్చిన పిల్ల దగ్గర అబద్ధం చెప్తానా?" నోరు జారాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు.

ఆమె తల దించుకుంది. ఏడుపులోనే నవ్వొచ్చింది. "అయితే ఇప్పుడే ఇంటికొచ్చి అమ్మతో చెప్పండి. పిస్తోలు సంగతీ, రెండోదీ."

కృష్ణరాజ్ రెండో చేత్తో గొడుగు అందుకున్నాడు. పిడి మీదున్న అతని చేతిని ఏదో ఆప్యాయంగా నొక్కి వదిలింది. నాలుగు వేళ్ళు నిండుగా, ఒకటి సగం.