తొండియార్‌పేట టెలోమియర్ క్యాంపు

పట్టపగలు, పాండీ బజార్‌లో ఓ చీరల షాపు మెట్ల మీద అరుళ్ కుప్పకూలాడు. ఎండదెబ్బనుకుని జనం సోడా తెచ్చారు. మెడ వెనక సూది గుర్తును ఏజెంట్ చెంగల్రాయుడు వచ్చేదాకా ఎవరూ చూడలేదు. అప్పటికే ప్రాణం పోయింది. అరుళ్ ఓ విదేశీ ల్యాబ్‌లో టెక్నీషియన్, రాయుడికి రహస్య సమాచారం చేరవేసే మనిషి. అతని కాలర్ మడతలో మైక్రోచిప్ దొరికింది.

గంటలో బ్రీఫింగ్.

"టెలోమియర్ అంటే తెలుసా?" చీఫ్ జానకీదేవి అడిగింది.

"క్రోమోజోమ్ కొసన ఉండే తొడుగు. షూ లేసు చివర ప్లాస్టిక్ లాంటిది. కణం విడిపోయినప్పుడల్లా కాస్త అరుగుతుంది."

"దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో అది మరీ పొట్టిగా కనిపిస్తోంది. ఏది కారణమో, ఏది ఫలితమో ఇంకా తేలలేదు. అరుళ్ పనిచేసిన ల్యాబ్ నడిపే బ్రాంట్ ముఠా మాత్రం ఆగేట్టు లేదు. టెలోమియర్‌ని పొడిగించే ఇంజెక్షన్ చేసి, రేపు పదింటికి తొండియార్‌పేటలో ఉచిత క్యాంపు పెడుతోంది. నలభై మంది పేషెంట్లు."

"పనిచేస్తుందా?"

"ఎలుకల్లో టెలోమియర్లు పెరిగాయి. వాటితోపాటు క్యాన్సర్ గడ్డలూ పెరిగాయి. చిప్‌లో ఉన్నది ఆ రిపోర్టే. లోపల మన మనిషి డాక్టర్ సంయుక్త. ఒక్క మాట, మొదటి ఇంజెక్షన్ పడ్డాకే రెయిడ్. లేకపోతే కేసు నిలవదు."

"పడేది ఎవరికి మేడమ్?"

"ఎవరో ఒకరికి."

రాయుడికి నోరంతా చేదయింది.

మర్నాడు ముఖానికి వాపు మేకప్, చేతికి కట్టు, చెవిలో వినికిడి మిషన్‌లా కనిపించే ట్రాన్స్‌మిటర్‌తో వెళ్ళి మొదటి కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఒక్క సూదీ తనకే పడనీ అనుకున్నాడు.

హాలంతా ఫినాయిల్ కంపు. ఇంగ్లిష్ ఫారాల మీద తమిళ ముసలివాళ్ళ చేత వేలిముద్రలు వేయిస్తున్నారు. బ్రాంట్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, సంతలో గొర్రెల్ని చూసినట్టు ఒక్కొక్కరినీ చూసుకుంటూ పోతున్నాడు.

పక్క కుర్చీలో వాషర్‌మెన్‌పేట్‌లో ఇడ్లీలమ్మే రాజలక్ష్మి. "ఏమప్పా, ఈ వయసుకే నీకూ వచ్చిందా ఈ పీడ? నాకు వారానికి మూడుతూర్లు డయాలిసిస్. ఈ సూది ఏసుకుంటే ఇంక ఆడికి పోనక్కర్లేదంట."

"ఎవరు చెప్పినారమ్మా?"

"ఆ డాక్టరమ్మే. మహాలక్ష్మి మాదిరి ఉండాది."

నెమలికంఠం రంగు పట్టుచీర, జడ నిండా మల్లెలు. సంయుక్త వచ్చింది.

"షుగర్ లేని కాఫీ దొరుకుతుందా డాక్టర్?" రాయుడు అడిగాడు.

"డికాషన్ ఒక్కటే ఉంది."

కోడ్ కలిసింది. ఆమె నవ్వి, అతన్ని దాటి, రాజలక్ష్మి చెయ్యి అందుకుంది. "మొదట పెద్దావిడకి."

రాయుడికి అప్పుడు తట్టింది. నిన్న అరుళ్ పాండీ బజార్‌కు వస్తున్నట్టు తెలిసింది ఇద్దరికే. తనకూ, లోపల్నుంచి అతన్ని పంపిన సంయుక్తకూ.

చెవిలో జానకీదేవి గొంతు: "కదలకు రాయుడూ. సూది దిగనీ."

సూది మొన ముడతలు పడ్డ చర్మాన్ని తాకింది.

రాయుడు ఒక్క ఉదుటున లేచి సంయుక్త మణికట్టు మెలితిప్పాడు. సిరంజి అతని చేతిలోకొచ్చింది. "రెయిడ్!" అని అరిచాడు. వెనక తలుపు తీసుకుని పరిగెత్తిన బ్రాంట్ నేరుగా పోలీసుల చేతుల్లో పడ్డాడు.

"ఎలాగూ పోయేవాళ్ళే కదా," సంయుక్త చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ అంది. "పోతూ పోతూ సైన్స్‌కి పనికొస్తే తప్పేంటి?"

"అరుళ్‌కీ ఇదే చెప్పావా?"

రాయుడు ఆమెను పట్టుకున్న చేతిని ప్యాంటుకు గట్టిగా తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా జిడ్డు పోయినట్టనిపించలేదు.

"అయితే నా కిడ్నీ బాగయ్యేది లేదా?" రాజలక్ష్మి బిక్కమొహం వేసింది.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఈ మందుతో కాదమ్మా. డయాలిసిస్ మాత్రం మానొద్దు. రేపు నేనే తీసకపోతా."

చెవిలో జానకీదేవి మండిపడింది. "తొందరపడ్డావు! ఇంజెక్షన్ పడకుండా కేసెలా నిలుస్తుంది?"

"సిరంజి ఉంది, మందు ఉంది, వేసే డాక్టరూ ఉంది," అన్నాడు రాయుడు. "తక్కువైంది సూది వేయించుకునే చెయ్యి ఒక్కటే మేడమ్. మీరు వస్తారా?"