గోడలో అడుగున్నర

ఆ ఇంట్లో అన్నీ బాగానే ఉండేవట — ఒక్క బాత్‌రూం తప్ప.

ఐసు ఫ్యాక్టరీ వెనక సందులో, చివరాఖరి ఇల్లు. చిన్నది, పాతది, గోడలకి నడుము దాకా చెమ్మ. పగలు ఎవరెళ్ళినా ఏమీ లేదు. రాత్రి ఎనిమిది దాటాక ఆ బాత్‌రూంలో మగ్గుతో నీళ్ళు పోసుకుంటే మాత్రం... గోడ లోపల ఇంకెవరో కూడా పోసుకునేవారట.

మనం ఆపితే... అదీ ఆపేది.

దగ్గితే... దగ్గేది.

అద్దెకున్న ఒకాయనకి తన గొంతు మీద కాస్త నమ్మకం ఎక్కువ. ఒంటి నిండా సబ్బుతో ఓ రాత్రి పాటెత్తుకున్నాడు. మొదటి వరుస ఆయన పాడాడు. రెండో వరుస గోడ అందుకుంది — అదీ శ్రుతి తప్పకుండా! ఆయన తువ్వాలుతో సందు మొదట్లోకి వెళ్ళి, అక్కణ్ణించే ఇల్లు ఖాళీ చేశాడట. సామాన్లకి బావమరిది వచ్చాడు.

అలా ముగ్గురు అద్దెకి వచ్చారు. ముగ్గురూ పోయారు. పోవడమంటే అలా పోవడం కాదు, వేరే ఇళ్ళకి పోయారు.

ఈ సంగతి నాకు చెప్పింది చివరికి ఆ ఇల్లు కొనుక్కున్న టైలరమ్మే. మెడలో టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు, నా భుజాలు కొలుస్తూ చెప్పింది. నోట్లో సూదులు పెట్టుకుని అబద్ధమాడటం కష్టం. అందుకని నమ్మాను.

ఆ ఇంట్లో ముగ్గురే మనుషులు. టైలరమ్మ, ఆమె భర్త, అత్తగారు.

భర్త కారు నేర్పే స్కూల్లో పని చేస్తాడు. పక్క సీట్లో కూర్చుని "భయపడకండి, నేనున్నానుగా" అని ఊరందరికీ ధైర్యం చెప్తాడు. తన కాలు మాత్రం పొద్దస్తమానం బ్రేకు మీదే. ఆ ఇంట్లోకి వచ్చాక ఆయన స్నానం తెల్లవారాకే. ఎండలో తిరిగొచ్చి చొక్కా పిండేలా ఉన్నా సరే, "ఇవాళ అస్సలు చెమటే పట్టలేదు" అనేవాడు.

అత్తగారి సంగతి వేరు. ఆవిడ ముప్పై ఏళ్ళు హాస్టల్ వార్డెన్. రెండొందల మంది ఆడపిల్లల్ని కనుబొమ్మతో నడిపిన మనిషి. నిరుడు జారిపడి తుంటి ఎముక విరిగింది. అతికింది గానీ, వాకర్ లేకుండా అడుగు పడదు. ఆ వాకరేమో బాత్‌రూం తలుపులో పట్టదు. కోడలు రెండు చేతులా పట్టుకుని తీసుకెళ్ళి, స్టూలు మీద కూర్చోబెట్టి, నీళ్ళు పోసి, మళ్ళీ పట్టుకుని తీసుకొచ్చేది.

ఒకరోజు కోడలు వీపు రుద్దుతుంటే అత్తగారు గోడకేసి చూస్తూ మెల్లిగా అంది —

"తలుపేసుకుని నా స్నానం నేను చేసుకుని ఏడాదయిందే అమ్మాయ్..."

అంతే. మొహం మీద నీళ్ళు ఎక్కువే పోసుకుంది.

టైలరమ్మకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ముందుగదిలో సామానంతా ఓ మూలకి నెట్టి, సుద్దముక్కతో నేల మీద బాత్‌రూం గీసింది. ఉన్నది ఉన్నంత కొలతలో. నాలుగున్నర అడుగుల వెడల్పు, ఐదడుగుల పొడుగు. కమోడ్ ఉండేచోట కుర్చీ, కుళాయి దగ్గర బకెట్, తలుపున్న చోట ఒక చీపురు అడ్డం.

"అత్తయ్యా, లోపలికి రండి."

అత్తగారు వాకర్‌తో గీతలోకి అడుగు పెట్టింది. చీపురు తగిలింది. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టాలని తేలింది. ఇంకో అడుగు వేసింది. బకెట్ తగిలింది. కుళాయి మూలకి జరిగింది. తర్వాత కుర్చీ ముందు తిరగబోయింది.

"నేను తిరుగుతున్నాను గానీ అమ్మాయ్, ఇది తిరగడం లేదు."

ఎన్ని రకాలుగా మార్చి గీసినా అంతే. వాకర్ తిరగడానికి అడుగున్నర తక్కువ.

గుడ్డ తక్కువైతే టైలర్లు ఏడవరు, కుట్లు విప్పి లోపల ఎంత మడతుందో చూస్తారు. టైలరమ్మ టేపు పట్టుకుని బాత్‌రూంలోకెళ్ళింది. కిటికీ అంచు నుంచి వెనక గోడ దాకా కొలిచింది. రెండడుగులు. బయటికెళ్ళి, అదే కిటికీ అంచు నుంచి వెనకింటి గోడ మొదలయ్యే చోటు దాకా కొలిచింది.

నాలుగుంబావు!

మళ్ళీ కొలిచింది. నాలుగుంబావే. మధ్యలో గోడ మందం ముప్పావు అడుగు తీసేస్తే... ఇంకో అడుగున్నర ఏమైనట్టు?

గోడలో ఉంది. గోడ వెనక ఏదో ఖాళీ ఉంది. అదీ వీళ్ళ స్థలమేనని ఇంటి కాగితాల్లో గీత గీసి మరీ ఉంది.

భర్తకి చెప్పింది. ఆయన గొంతు తగ్గించి, "దొరకని కొలత దొరక్కుండానే ఉంటే మంచిది కదా..." అన్నాడు.

మేస్త్రిని పిలిచారు. సందులోవాళ్ళెవరూ రామన్నారు, అందుకని పెద్దరోడ్డు మీద అడ్డా నుంచి తీసుకొచ్చారు. మనిషి దిట్టంగా ఉన్నాడు. నోరు తెరిస్తే నలభై ఇళ్ళు.

"నలభై ఇళ్ళు కట్టాను సార్. నలభైలోనూ ఒక్కదాంట్లో కూడా దెయ్యం కనపడలేదు. వాటికి నేనంటే భయం."

పగలు ఇంకోచోట పని ఒప్పుకున్నాడు. అందుకని రాత్రి ఏడున్నరకి వచ్చాడు. తీగకి వేలాడే బల్బు పెట్టారు. గోడకి సగం దాకా పాత సున్నం గీకి పడేసి, ఇటుక మీద ఉలి ఆనించి, సుత్తితో మూడు దెబ్బలు వేశాడు.

టక్... టక్... టక్.

గోడ లోపల్నించి —

టక్... టక్... టక్.

మేస్త్రి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. గుమ్మం అవతల నిలబడ్డ భర్త, "అదీ... ప్రతిధ్వని" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

మేస్త్రి ఈసారి రెండే కొట్టాడు. చిన్నగా.

టక్... టక్.

బల్బు మెల్లిగా ఊగుతోంది. అప్పుడు లోపల్నించి — టక్... టక్...

ఢమ్!

"ప్రతిధ్వనికి లెక్కలు రావా?" అంది టైలరమ్మ గుసగుసగా.

మేస్త్రి అప్పటికే గుమ్మం దగ్గరున్నాడు. "అక్కా, నాకు భోజనం టైమైంది" అన్నాడు. స్కూటర్ చప్పుడు సందు మలుపు తిరిగాక గానీ వీళ్ళకి అర్థం కాలేదు — ఉలి, సుత్తి ఇక్కడే వదిలేసి పోయాడని.

ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. ఇంకో మేస్త్రి వచ్చి గోడని చూసి నడుం నొప్పన్నాడు. మరొకతను ఇంటి అడ్రసు వినగానే నొప్పన్నాడు. గోడ సగం చెక్కులు లేచి, బాత్‌రూం నిండా పెళ్ళలు. అత్తగారికి వంటింటి మూల పాత దుప్పటి తెర కట్టి స్నానం చేయించాల్సొచ్చింది. మూడోరోజు ఆవిడ, "ఇవాళ వద్దులే అమ్మాయ్, తడిగుడ్డతో తుడిచెయ్" అంది. వార్డెన్ గొంతు కాదది. ఎవరి గొంతో.

టైలరమ్మ గిన్నెలు కడగడం ఆపేసి, చీర కొంగు దోపి, సుత్తి తీసుకుంది.

"ఇప్పుడా? చీకటి పడింది... రేపు..." అన్నాడు భర్త.

"మీరు బల్బు పట్టుకోండి."

"నేనూ వస్తానుండు" అంది అత్తగారు వాకర్ అందుకుని. "దెయ్యమైనా వేళకి పడుకోవాలి కదా. ఇంత రాత్రి దాకా దానికేం పని?"

కొట్టింది. సున్నం రాలింది. ఇంకోటి కొట్టింది. ఒక ఇటుక కదిలింది. అత్తగారు గుమ్మం దగ్గర వాకర్ మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో టార్చి పట్టుకుంది. ఆవిడ నెరిసిన జుట్టు విడిపోయి భుజాల మీద పడింది.

నాలుగు ఇటుకలు ఊడాయి. నల్లటి కంత. లోపల్నించి చల్లగాలి... తడి వాసన. తుప్పు పట్టిన పాత పైపొకటి నిలువుగా కనిపించింది. దాని వెనక, ఎదురుగా... సన్నటి వెలుతురు గీత.

అప్పుడు వినిపించింది.

నీళ్ళు. ఎవరో మగ్గుతో నీళ్ళు పోసుకుంటున్నారు...

టైలరమ్మ సుత్తి దించింది. నీళ్ళు ఆగిపోయాయి.

కర్ర్ర్... మంటూ రేకు జరిగింది. వెలుతురు గీత వెడల్పయింది. అందులోకి మెల్లిగా ఒక తలకాయ వచ్చింది. తెల్లగా... జుట్టు లేదు, ముక్కు లేదు, కళ్ళు లేవు. అంతా తెలుపే.

ఆ తెలుపులో ఒక కన్ను తెరుచుకుంది.

ఎర్రగా.

"ఓయమ్మో... దెయ్యం!!"

ఈ కేక పెట్టింది టైలరమ్మ కాదు. భర్త కూడా కాదు — ఆయన గొంతు పెగిలేసరికి ఆయన సందులో ఉన్నాడు, బల్బు ఊడబెరుక్కుని మరీ. కేక పెట్టింది ఆ తెల్లమొహమే! మగ్గు పడింది, బకెట్ దొర్లింది, దాని మీద ఎవరో పడ్డారు, లోపలెక్కడో ఒక ఆడమనిషి "నే చెప్పలా... నే చెప్పలా..." అని ఏడుపందుకుంది.

చీకట్లో టార్చి ఒక్కటే మిగిలింది. టైలరమ్మ గోడకి అతుక్కుపోయింది. అత్తగారు మాత్రం తల పక్కకి వాల్చి వింటోంది. ముప్పై ఏళ్ళు చీకట్లో దగ్గు విని ఏ పిల్ల మేలుకుందో చెప్పిన చెవులవి.

"అమ్మాయ్... ఆ గొంతు నలభై ఇళ్ళవాడిది కాదూ?"

తర్వాత కంతలోకి వంగి, ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతుతో అంది —

"ఎవర్రా అది? లే! ముందు మొహం కడుక్కో!"

అవతల దొర్లిన బకెట్ నిలబెట్టిన చప్పుడు. తర్వాత బుద్ధిగా నీళ్ళు పోసుకున్న చప్పుడు. తర్వాత సన్నటి గొంతు...

"మేస్త్రినండీ... పెద్దమ్మా..."

జరిగింది ఇదీ. వెనకింటి బాత్‌రూం, ఈ ఇంటి బాత్‌రూం వీపూ వీపూ ఆనించుకుని ఉన్నాయి. మధ్యలో పైపుల కోసం వదిలిన సందు. ఎవరో ఎప్పుడో ఇటు ఇటుకలతో, అటు రేకుతో మూసేశారు. ఈ ఇంటి గుమ్మం ఈ సందులోకి, ఆ ఇంటి గుమ్మం పెద్దరోడ్డు మీదుగా వెళ్ళాల్సిన అవతలి వీధిలోకి. చుట్టూ తిరిగి వెళ్ళాలంటే స్కూటర్ మీద పావుగంట. అందుకని వీళ్ళ మొహం వాళ్ళకి, వాళ్ళ మొహం వీళ్ళకి తెలీదు. ఇటు నీళ్ళు పోసుకుంటే అటు వినపడేది, అటు పోసుకుంటే ఇటు. ఇటువాళ్ళు భయపడి ఆగితే, అటువాళ్ళూ భయపడి ఆగేవాళ్ళు. ధైర్యం కోసం ఒకరు దగ్గితే రెండోవాళ్ళూ దగ్గేవాళ్ళు; ఆ రాత్రి పాటందుకున్నదీ అప్పట్లో అటున్నవాళ్ళెవరో. ఈ సందులో ముగ్గురు ఇళ్ళు ఖాళీ చేశారా... ఆ వీధిలో ఐదుగురట!

ఐదో కుటుంబం పోయాక, మొన్న వానల్లో ఆ ఇంట్లో దిగినవాడు మన మేస్త్రి. పగలంతా పనిలో ఉంటాడు, ఈ గోడ సంగతి పెళ్ళాం చెప్తే నవ్వేవాడు. ఆ రాత్రి ఇక్కడ అతను ఉలితో కొడుతుంటే, అక్కడ ఆవిడ ఒక్కర్తే ఉంది. దెయ్యాన్ని బెదిరిద్దామని చెంబుతో అన్నే దెబ్బలు తిరిగి కొట్టింది. ఆఖరి దెబ్బ మాత్రం కోపంతో కొట్టిందట. మేస్త్రి స్కూటర్ మీద ఇంటికి పరిగెత్తి, ఎవరికి భయపడి పారిపోయి వచ్చాడో వాళ్ళ చేతి భోజనమే తిని పడుకున్నాడు!

ఆ రాత్రే అతను తల తుడుచుకుని, చుట్టూ తిరిగి వచ్చాడు. చెవి వెనక ఇంకా సబ్బు ఉంది. ఈ పావుగంటలో అతని భార్య కంతలోంచి అత్తగారితో మాట్లాడి, వీళ్ళ మూడు తరాల సంగతులు తెలుసుకుంది.

"నలభై ఇళ్ళు కట్టావు" అంది అత్తగారు. "నువ్వుండే ఇల్లెక్కడుందో తెలీదూ?"

మేస్త్రి కిందకి చూస్తూ, "పెద్దమ్మా, గుమ్మం ఎటుందో చూశాను గానీ... వీపు ఎటుందో చూడలేదు" అన్నాడు.

తొమ్మిది రోజుల్లో పని పూర్తి చేశాడు. పైపు తీసేసి, తన వైపు కంత ఇటుకలతో మూసి, అడుగున్నర లోపలికి కలిపాడు. గడప తీసేసి, గుమ్మం వెడల్పు చేసి, తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టాడు, నీళ్ళు మూలకి జారేలా నేలకి వాటం పెట్టాడు. కాలు జారని గరుకు టైల్స్. కమోడ్ పక్కనొకటి, కుళాయి పక్కనొకటి పట్టుకోవడానికి కడ్డీలు — ఎంత ఎత్తులో ఉండాలో టైలరమ్మ అత్తగారి మోచెయ్యి కొలిచి చెప్పింది.

పదోరోజు రాత్రి ఎనిమిదికి అత్తగారు వాకర్‌తో లోపలికెళ్ళింది. తిరిగింది. తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు విని టైలరమ్మ మిషను ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంది. నాకు చెప్పేటప్పుడూ తుడుచుకుంది, సూదులు జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి.

నీళ్ళ చప్పుడు వినపడింది. ఆగింది. పది నిమిషాలైంది. ఇరవై అయింది. అరగంట... లోపల చిన్న అలికిడి కూడా లేదు.

భర్త తలుపు దగ్గరికెళ్ళాడు. చెవి ఆనించాడు. గోడలోంచి కూడా ఏ చప్పుడూ లేదు. మెల్లిగా తట్టాడు.

"అమ్మా...? ఉన్నావా...?"

నిశ్శబ్దం.

"అమ్మా..."

చాలాసేపటికి లోపల్నించి ఒక గొంతు వచ్చింది. బొంగురుగా, సాగదీస్తూ, నూతిలోంచి వచ్చినట్టు —

"లే...ను...!"

ఆయన సందు మొదట్లో దొరికాడట.